చెరసాలలో పాట, జైలు గోడ మీద పద్యం

ఇద్దరూ ఖైదీలే. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, 17వ శతాబ్దంలో తానీషా హయాంలో గోల్కొండలో, కవి దాశరథి కృష్ణమాచార్య 1940ల చివర్లో నిజామాబాద్ జైల్లో.

రామదాసు తన బాధను రాజుకు చెప్పుకోలేదు, రాముడితోనే తగువు పెట్టుకున్నాడు. సీతమ్మకు చింతాకు పతకం చేయించానని, ఖర్చంతా లెక్కగట్టి నిలదీశాడు. ఆ కోపంలోకి దెబ్బల నొప్పి వచ్చేస్తుంది, మళ్లీ ఆ వెంటనే తిట్టినందుకు క్షమించమని వేడుకుంటాడు. ఇంట్లో పెద్దాయనతో పోట్లాడినట్టే ఉంటుంది. అందుకే ఆ కీర్తనలు భజనల్లో ఇవాళ్టికీ అందరి నోళ్లలో ఉన్నాయి. సంగీతం రానివాళ్లు కూడా గొంతు కలుపుతారు.

దాశరథిది నేరుగా నిజాంతోనే తగువు. కాగితం లేకపోతే బొగ్గుతో గోడ మీద రాశాడు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి ఆ పద్యాలను కంఠస్థం చేశారు. గోడ మీది అక్షరాలను చెరపగలరు, మనిషి జ్ఞాపకాన్ని ఎలా చెరుపుతారు?

ధైర్యం కావలసినప్పుడు నేను దాశరథిని చదువుతాను. ఏడుపొచ్చినప్పుడు మాత్రం రామదాసే కావాలి.