ఏటీఆర్‌ఎన్‌ను మూడేళ్లు వాడిన తరువాత

భీమవరంలో రొయ్యల ఎగుమతి చేసే మా ఆఫీసుకు అప్పట్లో సొంత డొమైను ఉండేది, ఏడుగురికి విడివిడిగా మెయిలు ఐడీలు ఉండేవి, ఇంటర్నెట్ మాత్రం ఫోను లైను మీద కలిపే డయలప్. ఫోను కలిపిన ప్రతిసారీ ఐపీ అడ్రసు (నెట్‌లో మన కంప్యూటరు చిరునామా) మారిపోయే ఆ పరిస్థితిలో మూడేళ్లకు పైగా ఏటీఆర్‌ఎన్ పద్ధతిలోనే, అంటే ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) సర్వరులో ఆగి ఉన్న మెయిలును మనమే కలిసి అడిగి తెచ్చుకునే పద్ధతిలో, మెయిలు తెప్పించుకున్నాను. దానిమీద నాకింత అభిమానం ఎందుకో తెలియాలంటే అంతకు ముందు పడిన ఇబ్బంది చెప్పాలి.

అప్పట్లో వాడింది ఈటీఆర్‌ఎన్ అనే పాత పద్ధతి. మా మెయిలు పంపమని అడిగితే ఐఎస్‌పీ సర్వరు ఆ కనెక్షన్‌లోనే పంపదు. డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైను పేర్లకు అడ్రసులు చెప్పే పట్టికలో, మన పేరుకు ఏ అడ్రసు ఉందో చూసుకుని అక్కడికి విడిగా మరో కనెక్షన్ కలుపుతుంది. ఇంకొకరు మన పేరు చెప్పి మన మెయిలు పట్టుకుపోకూడదని 1996లో చేసిన ఏర్పాటు అది, ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అడ్రసు మారినప్పుడల్లా డీఎన్‌ఎస్‌లో మార్చే చిన్న స్క్రిప్టు రాసుకుని, ఏడాదిపాటు నిశ్చింతగానే ఉన్నాను.

ఒక ముసురు రోజు సాయంత్రం లైను తెగింది. మళ్లీ కలిపితే కొత్త అడ్రసు వచ్చింది, స్క్రిప్టు తన పని తాను చేసింది, కానీ ఐఎస్‌పీ సర్వరు దగ్గర పాత అడ్రసే ఇంకా నిలవ ఉంది. ఆ పాత అడ్రసు అప్పటికే మరో కస్టమరుకు వెళ్లింది. అక్కడ ఏ మెయిలు సర్వరూ లేకపోతే మా ఉత్తరం క్యూలోనే ఉండి తరువాత వచ్చేది; అక్కడ ఒకటి నడుస్తూ ఉండటమే మా కొంప ముంచింది. అది ఈ డొమైను తనది కాదని 550 అనే కోడు చెప్పింది. 550 అంటే శాశ్వత తిరస్కారం కనుక, మా ఉత్తరం నేరుగా పంపినవారికి తిరిగిపోయింది. మరునాడు కొనుగోలుదారు ఫోను చేసి మా కంపెనీ నడుస్తోందా అని అడిగాడు. 30 కౌంట్ టైగర్ రొయ్య ఆర్డరు అప్పటికే వేరొకరికి ఇచ్చేశాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1999 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 2645 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన ఏటీఆర్‌ఎన్‌లో ఆ అడ్రసు గొడవే లేదు. ఐఎస్‌పీ సర్వరుకు 366 పోర్టులో (దీనికి కేటాయించిన ద్వారం నంబరు) కలిసి, పాస్‌వర్డుతో మనమెవరో రుజువు చేసుకుని ఏటీఆర్‌ఎన్ అంటే, అదే కనెక్షన్‌లో పాత్రలు తారుమారవుతాయి: మనం మెయిలు అందుకునే సర్వరవుతాం, అది పంపేదవుతుంది. సర్వరు 250 (సరే) అన్న వెంటనే మా మెషీను 220 (సిద్ధం) అని పలకడం, ఆ తరువాత అవతలి సర్వరే మాకు ఈహెచ్‌ఎల్‌ఓ అనే పలకరింపు చెప్పడం లాగులో (మెషీను రాసుకునే నమోదులో) మొదటిసారి చూసిన రాత్రి ఎంతోసేపు ఆ స్క్రీను ముందే కూర్చున్నాను. మెయిలు లేకపోతే 453 అని చెప్పి ఊరుకుంటుంది. ఏ ఉత్తరం ఎవరికో ఎన్వలప్‌తో (అసలు గ్రహీతల చిరునామాతో) సహా వస్తుంది కనుక, అందరికీ కలిపి ఒకే పాప్ పెట్టె (సర్వరు నుంచి మెయిలు దింపుకునే మామూలు మెయిల్‌బాక్సు) పెట్టుకున్నప్పటిలా బీసీసీలో వచ్చిన ఉత్తరాలు దిక్కులేకుండా పోవు.

అయితే లైను బాగుంటేనే ఇదంతా. రెండు మెగాబైట్ల ఫొటో జత చేసిన ఉత్తరం మా 33.6 కేబీపీఎస్ మోడెములో పదకొండు నిమిషాలు పట్టేది. తొమ్మిదో నిమిషంలో తెగితే మళ్లీ మొదటినుంచి రావాల్సిందే, వానాకాలంలో ఒక్కో రోజు మూడుసార్లు అలా జరిగింది. పైగా మాకు ఈ సౌకర్యం ఇచ్చిన ఐఎస్‌పీ ఒక్కటే దొరికింది, సాయంత్రమైతే దాని నంబరు కలవడమే కష్టమయ్యేది.

అప్పట్లో ఒక్క మెయిలు ఐడీతో సరిపెట్టుకునేవారికి మామూలు పాప్ సరిపోయేది. మాలాగా సొంత డొమైను, నలుగురైదుగురు మనుషులు ఉండి, రోజుకు నాలుగుసార్లు మాత్రమే ఫోను కలిపేవారికైతే ముందు తమ ఐఎస్‌పీని 366 పోర్టు గురించి అడగడమే మంచి దారిగా ఉండేది. లీజుడ్ లైనుకు (ఎప్పుడూ కలిసే ఉండే అద్దె లైను) మా బడ్జెట్ సరిపోయేదాకా నేను దీన్నే వాడాలనుకున్నాను.