వైన్ కూలర్‌లో గంజాయి ఆరబెట్టడం: మూడు కోతలు చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఇంట్లో మొక్క పెంచుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్లకే ఈ రివ్యూ. అలా ఒప్పుకోని చోట దీని జోలికి పోవద్దు.

నేను తీసుకున్నది 46 సీసాలు పట్టే కంప్రెసర్ వైన్ కూలర్, ఎవరో వాడి అమ్మేసింది. మూడు కోతలు అందులోనే ఆరబెట్టాను. మొదటిదాంట్లో సగం పారేయాల్సొచ్చింది, రెండోది పర్వాలేదు, మూడోది మాత్రం నేను ఇప్పటిదాకా ఆరబెట్టినవాటన్నిటిలోకీ మంచి వాసనతో వచ్చింది. కొనొచ్చా అని అడిగితే కొనమనే చెప్తాను, కాకపోతే దాని స్వభావం తెలుసుకుని కొనండి.

వైన్ కూలర్‌ని తయారుచేసేదే తేమ మరీ తగ్గకుండా చూసుకోవడానికి. సీసాకి బిగించిన కార్క్ ఎండిపోతే గాలి లోపలికి పోయి వైన్ పాడవుతుంది కదా, అందుకని పెట్టెలో ఒక మోస్తరు తేమ నిలబడాలి. మనమేమో అందులో పచ్చి మొగ్గలు పెట్టి నీళ్లన్నీ లాగేయమంటున్నాం. కిలో పచ్చి మొగ్గల్లో ముప్పావు కిలో దాకా నీళ్లే ఉంటాయి. ఆ ముప్పావు లీటరు నీళ్లు అంత చిన్న పెట్టెలోంచి ఎటో ఒకవైపు బయటికి పోవాలి, పోకపోతే బూజే.

మొదటి కోతప్పుడు ఈ లెక్క నా బుర్రకి తట్టలేదు. చోటు ఉంది కదా అని కొమ్మలన్నీ కుక్కేశాను. రెండో రోజు పొద్దున చూస్తే తలుపు అద్దం లోపలివైపంతా తెల్లగా ఆవిరి పట్టేసి ఉంది, వేలితో గీస్తే నీళ్లు కారాయి. అప్పుడైనా సగం బయటికి తీసుండాల్సింది. ఆరో రోజు ఒక లావు మొగ్గని విప్పితే పైకంతా బాగానే ఉంది, నడిమి కాడ దగ్గర మాత్రం బూడిద రంగు నూగు, పట్టుకుంటే మెత్తగా విడిపోయింది. బోట్రైటిస్ అనే బూజు అది. పాడైన ముక్క కోసేసి మిగతాది వాడుకుందాం అనుకోవద్దు, బూజు పట్టినదాని పొగ పీల్చడం ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆస్తమా ఉన్నవాళ్లకీ ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్లకీ మరీ ప్రమాదం. నెలల తరబడి కంటికి రెప్పలా చూసుకున్న మొక్కని కవర్లో కట్టి పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఆ తర్వాత రెండు వారాలు ఖాళీ కూలర్‌లో తడి గుడ్డ వేలాడదీసి, హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే మీటరు) ముందు కూర్చుని చూశాను. కంప్రెసర్ నడిచినంతసేపు వెనక గోడ చల్లబడి దానిమీద నీటిబొట్లు పడతాయి, కిందికి జారి చిన్న కన్నంలోంచి వెనకున్న ట్రేలోకి పోతాయి. తేమ 50 శాతానికి దిగుతుంది. కంప్రెసర్ ఆగగానే గోడకి అంటుకుని మిగిలిన నీళ్లు మళ్లీ ఆవిరై పెట్టెలోకే వస్తాయి, 20 నిమిషాల్లో 68. రోజంతా ఇదే ఊగులాట. ఇంకో సంగతి, గది మామూలుగానే చల్లగా ఉంటే కంప్రెసర్ ఎక్కువగా నడవదు, నడవకపోతే నీళ్లు బయటికి పోయే దారే లేదు. చాలామంది కూలర్ పాడైందనుకునేది ఇక్కడే.

దీనికి నాకు దొరికిన మందు, లోపల ఒక చిన్న డీహ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ లాగేసే యంత్రం) పెట్టి, దాన్ని తేమ చూసి ఆన్ ఆఫ్ చేసే కంట్రోలర్‌కి కలపడం. డీహ్యుమిడిఫైయర్ నడిస్తే కాస్త వేడి పుడుతుంది, ఆ వేడికి కంప్రెసర్ లేస్తుంది, కంప్రెసర్ లేస్తే గోడ కూడా నీళ్లు లాగుతుంది. రెండూ ఒకదానికొకటి సాయం. కంట్రోలర్‌ని 60 శాతానికి, కూలర్‌ని 17 డిగ్రీలకి పెట్టాక ఊగులాట 57, 62 మధ్యకి వచ్చేసింది. దాంతోపాటు ఒక కంప్యూటర్ ఫ్యాన్‌ని గోడవైపు తిప్పి పెట్టాను. మొగ్గలమీదికి నేరుగా తిప్పొద్దు, పైపొర గట్టిపడిపోయి లోపల తడి చిక్కుకుపోతుంది. సీసాల అరలు తీసేసి పైన ఒక్కటే ఉంచాను, కొమ్మలు దానికే తలకిందులుగా వేలాడతాయి. వెలుతురు తగలకుండా తలుపు అద్దానికి లోపలినుంచి నల్ల అట్ట. వైర్లు నీళ్లు పోయే కన్నంలోంచి తీయొద్దు, అది మూసుకుపోతే అడుగున నీళ్లు నిలుస్తాయి. తలుపు రబ్బరు పక్కనుంచి సన్నటి వైరు పడుతుంది, చాలు.

హైగ్రోమీటర్ విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు, రెండు పెట్టుకోండి. నా రెండూ ఒకే చోట 7 పాయింట్ల తేడా చూపించాయి. ఒక మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలుగా కలిపి, హైగ్రోమీటర్‌తోపాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచితే 75 చూపించాలి. ఎంత తేడా చూపిస్తే అంత లెక్కలో వేసుకుంటే సరిపోతుంది.

ఇక నింపడం. ఇప్పుడు సగానికి మించి నింపను. కోసిన కొమ్మల్ని ముందు రెండు రోజులు చీకటి గదిలో, గాలి ఆడేచోట వేలాడదీసి, ఆకులు వాడి వంగాక కూలర్‌లోకి మారుస్తాను. పైపైన ఉన్న నీళ్లు అప్పటికే పోయుంటాయి కాబట్టి పెట్టెకి భారం తగ్గుతుంది. మూడో కోత అలా మొత్తం 12 రోజులు పట్టింది. సన్న కాడని వంచితే సాగకుండా పుటుక్కున విరగాలి, అప్పుడే దించుతాను. తొందరపడి నాలుగైదు రోజుల్లో ఎండబెట్టేస్తే ఎండుగడ్డి వాసన వస్తుంది, గొంతులో గరగరలాడుతుంది. లిమోనీన్, మైర్సీన్ లాంటి వాసనలిచ్చే నూనెలు వేడికి ఇట్టే ఎగిరిపోతాయి. ఇంత చల్లగా ఆరబెట్టే తిప్పలన్నీ అవి నిలవడానికే.

ఆరిన మొగ్గల్ని మాగబెట్టడానికి మాత్రం ఈ కూలర్‌కి వంక పెట్టలేను. గాజు జార్లలో ముప్పావు వంతు నింపి, ఒక్కోదాంట్లో బుల్లి హైగ్రోమీటర్ వేసి, 18 డిగ్రీల్లో వరసగా పేర్చేస్తే చీకటి, చల్లదనం, నిలకడ మూడూ అక్కడే దొరుకుతాయి. మొదటి వారం రోజూ ఒకసారి మూత తీసి పది నిమిషాలు గాలి తగలనిస్తాను. జార్ లోపల తేమ 58 నుంచి 62 మధ్య ఉంటే బాగా మాగుతుంది. 65 దాటితే బయట పరిచి మళ్లీ ఆరబెట్టాలి. మూత తీయగానే అమ్మోనియా లాంటి ఘాటు తగిలితే తడి ఇంకా ఉన్నట్టే, ఆలస్యం చేయొద్దు. మూడో కోత జార్లలో రెండో వారానికల్లా గడ్డివాసన పోయింది, నాలుగో వారంలో మూత తీస్తే నిమ్మతొక్క గిల్లినట్టు గుప్పుమంది. ఆ సాయంత్రం ఊరికే మూత తీసి వాసన చూడటం, మళ్లీ పెట్టడం, నాలుగైదుసార్లు అదే పని.

లోపాలు చెప్పాలంటే, ప్లాస్టిక్ గోడలకి పట్టిన వాసన ఎంత తుడిచినా పోదు, ఇందులో మళ్లీ తినేవీ తాగేవీ పెట్టే ఆశ వదులుకోండి. కంప్రెసర్ రొద పడకగదిలో భరించలేం. కొత్తది కొని ఇలా మారిస్తే వారంటీ వర్తిస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఒక పెద్ద మొక్క దించేవాళ్లకి ఒక్క కూలర్ చాలదు కూడా.

కంప్రెసర్ లేని పెల్టియర్ రకాలు నిశ్శబ్దంగా ఉంటాయి, కరెంటు మీద నడిచే చిన్న పలకతో చల్లబరుస్తాయి, కానీ గది వేడెక్కితే వాటి వల్ల కాదు, నీళ్లు లాగే శక్తీ తక్కువే. జార్లు పెట్టుకోవడానికైతే సరే, పచ్చివి ఆరబెట్టడానికి వద్దు. వాడినది కొంటుంటే అరగంట నడిపించి వెనక గోడ చల్లబడుతోందో లేదో చేత్తో తాకి చూడండి, అడుగున కన్నంలో గ్లాసుడు నీళ్లు పోసి వెనక ట్రేలోకి దిగుతున్నాయో లేదో చూడండి, తలుపు రబ్బరులో కాగితం పెట్టి లాగితే బిగువుగా ఉండాలి. తాళం ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. ఇంట్లో పిల్లలున్నారని నేను అందుకే ఇది ఎంచుకున్నాను, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.