కెనాన్ 200డి, నాలుగు లెన్సులు: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

మొదటి కెమెరాకి డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే నేను ఒకటే చెబుతాను: బాడీ (లెన్స్ లేని కెమెరా) దగ్గర తగ్గించి లెన్సులో పెట్టండి. నా కెనాన్ 200డి 2017లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్. ఇంట్లో పిల్లలు, చుట్టాల ఫంక్షన్లు, వీలు చిక్కినప్పుడు గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు మీద పక్షులు, ఇదీ నా వాడకం. బాడీ మార్చాలని ఇప్పటికీ అనిపించలేదు. లెన్సులు మాత్రం ఒక్కొక్కటే పెరిగాయి, ఫొటోల్లో తేడా వచ్చింది వాటివల్లే.

బ్యాటరీ, కార్డు కలిపినా ఈ కెమెరా అరకిలో ఉండదు. స్క్రీన్ పక్కకి తిరుగుతుంది, టచ్ కూడా ఉంది. స్క్రీన్‌లో చూస్తూ తీసేటప్పుడు మొహం మీద వేలు పెడితే ఫోకస్ అక్కడే నిలబడుతుంది. వ్యూఫైండర్‌లో మాత్రం ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, అవీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. అందుకే ఎగిరే పక్షిని మధ్య పాయింటుతో పట్టుకుని, ఇంటికొచ్చాక క్రాప్ చేసుకుంటాను.

కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ని చాలామంది తీసిపారేస్తారు. పగటిపూట దానికి వంక పెట్టలేం. ఇబ్బందల్లా సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద. జూమ్ చివరికి వెళ్తే ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ అంకె పెద్దదైతే వెలుతురు తక్కువ). కదిలే పిల్లల్ని సెకనులో వందో వంతులో పట్టాలంటే మా హాల్లో ఐఎస్ఓ 6400 పెట్టాల్సి వస్తుంది (చాలని వెలుతురుని కెమెరా పెంచి చూపే సెట్టింగ్ ఇది, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది). అప్పుడు కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడవు, పట్టు లంగా మీద జరీ అలికేసినట్టు వస్తుంది. అదే చోట 50 ఎంఎం ఎఫ్/1.8 పెడితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొస్తుంది, ఐఎస్ఓ 640 చాలు. కిట్ లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ, పరిగెత్తే పిల్లాణ్ణి ఆపదు కదా.

అలాగని అందరూ చెప్పినట్టు కళ్లు మూసుకుని 50 కొనకండి. ఈ కెమెరాలో ఫొటోని పట్టే సెన్సార్ చిన్నది, దాని మీద అది 80 ఎంఎంలా ఇంకా దగ్గరికి లాగి చూపిస్తుంది. పదడుగుల దూరంలో నిలబడితే ఫ్రేములో పట్టేది నాలుగున్నర అడుగుల లోపే. కెమెరాని నిలువుగా తిప్పినా నిలబడ్డ పెద్దమనిషి పాదాలు తెగిపోతాయి. మన ఇళ్లలో గోడకి వీపు ఆనించాక ఇంక వెనక్కెళ్లే చోటేదీ? పెళ్లికూతురు మొహం, పసిపాప చేతివేళ్లు, ఇలాంటివాటికి మాత్రం ఆ డబ్బులో దానికి సాటి లేదు.

ఇంట్లో నా కెమెరాకి ఎప్పుడూ తగిలించి ఉండేది 24 ఎంఎం ఎఫ్/2.8. బిస్కెట్‌లా పల్చగా ఉంటుంది. అదే పదడుగుల నుంచి తొమ్మిదడుగుల వెడల్పు పడుతుంది, అంటే పీటల మీద దంపతులూ, పక్కన పురోహితుడూ, ముందు పూజ సామానూ అన్నీ వస్తాయి. వెలుతురులో 50 అంత తేడా చూపించదు, నిజమే. అయినా రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే నేను 24 ఉంచుకుంటాను.

పక్షులకి దూరాన్ని దగ్గరికి లాగే 55-250 ఎంఎం జూమ్ లెన్స్. ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువు మధ్యలో చెట్లమీద గూళ్లు కడతాయి, గట్టు మీద నుంచి దగ్గరే. పిల్ల తల్లి నోట్లోకి ముక్కు దూర్చి తినడం కూడా ఈ లెన్స్‌తో తియ్యొచ్చు. కొల్లేరులో దూరంగా ఉన్న పక్షులకి ఇది ఆనదు. ఎండ తగ్గాక కూడా పనికిరాదు.

లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చు, నేను భయపడను. మన కోస్తా గాలిలో తేమకి ఫంగస్ పడుతుంది, చూడాల్సింది ముందు అదే. రెండు మూతలూ తీసి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి సన్నటి తెల్ల పోగులు కనబడితే ఎంత చవకైనా వదిలెయ్యండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి, తోలు బ్యాగులో మూసి బీరువాలో పడెయ్యకండి.

ఇప్పుడు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలు) కాలంలో డీఎస్ఎల్ఆర్ (200డిలా అద్దం ఉన్న పాత రకం) ఏంటి అంటారు. వీడియో ముఖ్యమైతే మిర్రర్‌లెస్సే కొనండి, 2023లో వచ్చిన కెనాన్ ఆర్50 లాంటిది. ఫొటోలే కావాలి, బడ్జెట్ తక్కువ అంటే పాత డీఎస్ఎల్ఆర్‌లో మిగిలే డబ్బుకి ఒక మంచి లెన్స్ వస్తుంది. రేపు కెనాన్ ఆర్ వరుస మిర్రర్‌లెస్ బాడీకి మారినా అడాప్టర్ పెట్టి ఈ లెన్సులే ఆటోఫోకస్‌తో వాడుకోవచ్చు. కెనాన్ పాత మిర్రర్‌లెస్ ఎం50 చవగ్గా దొరుకుతోందని మాత్రం తొందరపడకండి, ఆ మౌంట్‌కి (లెన్స్ తగిలించే అమరిక) కంపెనీ కొత్త లెన్సులు తీసుకురావడం లేదు.

ఫంక్షన్లకి ఫ్లాష్ వాడే ఆలోచన ఉంటే ఇంకొకటి. 200డి తర్వాత వచ్చిన 200డి మార్క్ 2లో ఫ్లాష్ తగిలించేచోట మధ్య పిన్ తీసేశారు, ఆ ఒక్క పిన్ మీదే పనిచేసే చవక ట్రిగ్గర్లు (దూరం నుంచి ఫ్లాష్ వెలిగించేవి), పాత ఫ్లాష్‌లు దానిమీద పనిచెయ్యవు. పాత 200డిలో ఆ పిన్ ఉంది.