తుగ్గలి ఎర్రనేలలో గోల్డ్ డిటెక్టర్ – చాన్నాళ్లు వాడినాక నా రివ్యూ

మాది కర్నూలు జిల్లా తుగ్గలి సైడు. వాన పడితే చాలు జొన్నగిరి, పగిడిరాయి, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో యాడ చూసినా వజ్రాలు ఏరేవాళ్లే, అందుకే నా చేతిలో మెషిన్ కనపడగానే ఫస్ట్ అడిగేది "అన్నా, వజ్రానికి కూత పెడతాదా ఇది?" అని. పెట్టదు సామీ. వజ్రం లోహం కాదు, ఎన్ని లక్షల డిటెక్టరైనా దాని మీద నుంచి ఊరికే పోతాది.

సరే బంగారం సంగతి. నాది 45 కిలోహెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ మెషిన్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలతో లోహాన్ని కనిపెట్టేది, చిన్న బంగారం కోసమే చేసిన రకం. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద చెప్పేదంతా మా నేల గొడవే, ఈ రకం మెషిన్ ఏది తెచ్చినా ఇంతే. జొన్నగిరిలో బంగారు గని ఉంది కదా, చేన్లో నగ్గెట్లు, అంటే బంగారు ముద్దలు దొరుకుతాయేమో అనుకుంటారు చాలామంది. అక్కడ బంగారం రాతిలో కంటికి కనపడనంత సన్నగా కలిసిపోయి ఉంటాది, టన్ను రాయికి గ్రాము, రెండు గ్రాములు, అంతే. డిటెక్టర్‌కి ఒకే చోట ముద్దగా ఉన్న లోహం కావాల, పొడికి అది పలకదు. అందుకే నేను ఎక్కువ వాడేది కలుపు తీసేటప్పుడు, బుడ్డలు (వేరుశనగ) పీకేటప్పుడు ఆడోళ్ల కమ్మలు, ఉంగరాలు పడిపోతే వెతకడానికి.

ఇంక అసలు తలనొప్పి ఎర్రగరుసు నేల. మట్టిలో అయస్కాంతం తిప్పితే నల్లఇసుక మీసాల మాదిరి అంటుకుంటాది, ఆ ఇనుప ఖనిజమంతా మెషిన్‌కి సిగ్నలే, దానికి తోడు కొన్ని గుండ్రాళ్లు అచ్చం లోహం మాదిరే కూస్తాయి, వీటినే హాట్ రాక్స్ అంటారు. గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల సిగ్నల్‌ని పక్కన పెట్టే సర్దుబాటు, ఆటోమేటిక్ అని డబ్బా మీద ఉంటాది, నిజమే చేసుకుంటాది, కానీ ఎర్రమట్టిలో నుంచి నల్లరేగడిలోకి అడుగు పెట్టగానే కాసేపు పిచ్చికూతలు, నిలబడి కాయిల్‌ని (కర్ర కొసన ఉండే పళ్లెం) నాలుగుసార్లు పైకీ కిందకీ ఆడించి అది సర్దుకున్నాకే కదలాల. కొత్తవాళ్లు సెన్సిటివిటీ, అంటే చిన్న సిగ్నల్‌ని కూడా పట్టే శక్తి, ఫుల్ పెట్టేస్తారు, పెడితే నేలంతా కూస్తాది, అందులో కమ్మ కూత యాడుందో దేవుడికెరుక. రెండు మూడు పాయింట్లు తగ్గిస్తే గోల తగ్గి లోతు సిగ్నల్ ఇంకా బాగా తెలుస్తాది, వినడానికి విడ్డూరంగా ఉన్నా అంతే.

లోతు అంటారా, మా నేలలో ఉంగరానికి అరడుగు వస్తే గొప్ప, చెవి కమ్మకి రెండు మూడు అంగుళాలు, ముక్కుపుడకకి అంగుళం. ఆరడుగుల కింద నిధి చూపిస్తాది అనే వీడియోలు నమ్మొద్దు. నిధి అంటే గుర్తొచ్చింది, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాల్సిందే, గుడి చుట్టుపక్కల ఈ కర్ర పట్టుకొని తిరిగితే పోలీసులు రావడం ఖాయం.

ఇంకోటి, ఇది నాకు భలే అనిపించింది. బరువైన గొలుసు కంటే చిన్న ఉంగరం గట్టిగా కూస్తాది! ఉంగరం మూసుకున్న చుట్టు కాబట్టి మెషిన్ పుట్టించే కరెంట్ దాంట్లో గుండ్రంగా బాగా తిరుగుతాది, గొలుసులో ఏ లింకుకి ఆ లింకు విడి, అందుకని మెషిన్‌కి అది చిన్న చిన్న ముక్కలే. సన్న గొలుసు పోయిందని పిలిస్తే నేను ముందే చెప్తా, దాని కొక్కీ, లాకెట్ మీదే ఆశ అని. పుస్తెలు మాత్రం బిళ్లలు కాబట్టి చక్కగా పలుకుతాయి.

ఇనుముకి కూయకుండా చేసే ఐరన్ రిజెక్ట్ మోడ్ ఉంది, నేను వాడను. ఈ ఎర్రమట్టిలో చిన్న బంగారాన్ని కూడా అది ఇనుము లెక్కలో వేసేస్తాది. కాబట్టి అన్నీ తవ్వుడే: ఎద్దుల లాడాల మేకులు, గుంటక ముక్కలు, బీరుసీసా మూతలు, గుట్కా ప్యాకెట్ల రేకు. కూత వచ్చిన మట్టిని ప్లాస్టిక్ డబ్బాలోకి ఎత్తి సగం సగం చేసి కాయిల్ ముందు ఆడిస్తే ఏ సగంలో ఉందో తెలిసిపోతాది, ఇనుప పార దగ్గర్లో పెట్టుకుంటే అదీ కూస్తాది, దూరంగా పడేయండి. బోరు మోటర్ స్టార్టర్ దగ్గర, కరెంటు తీగల కింద గోల ఎక్కువ, త్రీఫేజ్ లేని టైములో వెతకండి.

పల్స్ ఇండక్షన్ మెషిన్లు, అంటే ఆగి ఆగి కరెంట్ పల్సులు పంపి వెతికే రకం, ఆస్ట్రేలియా ఎర్రనేలల్లో వాడే జీపీఎక్స్ 5000 మోడల్ లాంటివి, ఇలాంటి నేలని బాగా తట్టుకుంటాయి, లోతు కూడా ఎక్కువ. కానీ రేటు లక్షల్లో, ఇనుముని వేరు చేయడంలో వీక్, కమ్మలు వెతకడానికి అది దండగ.

మా సైడు ఎవరిదైనా నగ చేన్లో పడిపోతే చుట్టూ నాలుగు పుల్లలు పాతి గుర్తు పెట్టుకోండి, దున్నకముందే వెతికించండి. ట్రాక్టర్ గొర్రు ఒక్కసారి తిరిగిందంటే కమ్మ ఈ మెషిన్‌కి అందే లోతు దాటిపోతాది.