అయిదేళ్లు, 78 వేల కిలోమీటర్లు: కాలువగట్టు మీద నా చిన్న కారు

2020 చివర్లో కొన్నాను. 998 సీసీ పెట్రోలు ఇంజను, మూడు సిలిండర్లు, ఏఎంటీ గేర్లు, అంటే క్లచ్ తొక్కక్కర్లేకుండా వాటంతటవే మారేవి. కంపెనీ పేరు ఎందుకులెండి, ఆ ధరలో వచ్చేవన్నీ ఒకే తానులో ముక్కలు. కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు మాది, ఉద్యోగం అమలాపురంలో. రోజూ రానూపోనూ 50 కిలోమీటర్ల పైచిలుకు.

కొనే ముందు మా బావ "ఇంకో రెండు లక్షలు వేస్తే పెద్ద బండే వస్తుంది కదా" అని తెగ పోరు పెట్టాడు. ఆయనుండేది హైదరాబాదులో. మా ఊరి నుంచి 216 హైవే ఎక్కేదాకా దారంతా కాలువగట్టే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేను. ఎదురుగా కొబ్బరికాయల లారీయో వరికోత మిషనో వచ్చిందంటే ఎవరో ఒకరు తప్పుకోవాలి, ఆ ఒకరు ఎప్పుడూ కారువాడే. వాన పడితే నల్లమట్టి అంచు మెత్తబడి చక్రాన్ని లాగేస్తుంది. అక్కడ నన్ను కాపాడింది ఇంజను బలం కాదు, అయిదడుగుల మూడంగుళాల వెడల్పు. సీటు కాస్త ఎత్తు కాబట్టి ఎడమ చక్రం ఎక్కడుందో అంచనా దొరుకుతుంది. స్టీరింగు వేలితో తిరుగుతుంది. వంద గజాలు వెనక్కి పోనిచ్చి దారివ్వాల్సి వచ్చినా టెన్షన్ పడను. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలో ఈ కారు పడుతుంది, బావ కారు పట్టదు.

ఏఎంటీకి అలవాటు పడటానికి మూడు నెలలు పట్టింది. ఫస్టు నుంచి సెకండుకి మారేటప్పుడు తల ముందుకి ఊగుతుంది. అమలాపురం గడియార స్తంభం దగ్గర ట్రాఫిక్‌లో మాత్రం ఎడమకాలికి విశ్రాంతి, అక్కడ దాని రుణం తీర్చుకోలేను. అసలు పరీక్ష సఖినేటిపల్లి రేవులో. నరసాపురం వెళ్లడానికి ఏటవాలుగా దిగి పంటు (బళ్లని ఏరు దాటించే పడవ) ఎక్కించాలి. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ నొక్కితే ఒక క్షణం ఆలోచించి ఒక్కసారిగా దూకుతుంది. ఎదురుగా గోదారి! మొదటిసారి చెమటలు పట్టాయి. ఇప్పుడు మాన్యువల్‌లో ఫస్ట్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు రెండు పళ్లు లాగి ఉంచి ఎక్కిస్తున్నాను. వరదల్లో పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవడమే.

హైవే మీద 80 దాకా హాయి. 90 దాటితే ఇంజను గోల లోపలికి వచ్చేస్తుంది. అయిదుగురం ఎక్కి ఏసీ వేసుకుని లారీని దాటాలంటే ముందు ఏసీ ఆపుతాను. కాకినాడ ప్రయాణాల్లో ఇదే తంతు.

మైలేజీ ట్యాంకు నింపి నింపి లెక్కేశాను. రోజువారీ 18, హైవే మీద 22. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి పెరిగాక, కారుకి వయసూ పెరిగాక, ఓ కిలోమీటరు తగ్గింది.

ఉప్పుగాలికి తలుపుల కింది అంచుల్లో తుప్పు మొదలైంది. అడుగున కోటింగు మొదటి ఏడాదే వేయించాల్సింది, బద్ధకించాను. గతుకులకి ముందు సస్పెన్షన్ బుష్‌లు రెండుసార్లు మార్చాను. పైకప్పు మీద సొట్ట కారు తప్పు కాదు. కొబ్బరి చెట్టు కింద బండి పెట్టకూడదని కోనసీమలో పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు, అయినా పెట్టాను. కాయ కాదు, ఎండుమట్ట పడింది.

అన్నిటికన్నా ఏడిపించింది ఎలకలు. చేలు కోసేశాక అవన్నీ ఊళ్లోకొచ్చి వెచ్చగా ఉన్న ఇంజను కింద కాపురం పెడతాయి. ఒక పొద్దున్న స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ వెలిగింది. సర్వీసు సెంటర్లో వైరింగ్ సెట్టు మొత్తం మార్చాలని వేలల్లో అంచనా రాసిచ్చారు. మా ఊరి ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి చూసి "ఒక్క తీగేనండి కొరికింది, ఆయ్" అని అతికి, టేపు చుట్టి 600 తీసుకున్నాడు. పొగాకు కాడలు గుడ్డలో మూటకట్టి ఇంజను పక్కన వేలాడదీయమని చెప్పింది కూడా అతనే. రెండేళ్లయింది, మళ్లీ కొరకలేదు. కాకపోతే ఏసీ వేసిన మొదటి అయిదు నిమిషాలూ కారంతా చుట్ట కంపు. మా ఆవిడ అద్దాలు దించుకుని కూర్చుంటుంది.