గాలితో నడిచే వాక్యూమ్ ఎజెక్టర్లు: ప్యాకింగ్ లైన్‌లో ఏళ్ల వాడకం తర్వాత

హైదరాబాదు జీడిమెట్లలోని మా ప్యాకింగ్ విభాగంలో రెండు యంత్రాలు సక్షన్ కప్పులతో పనిచేస్తాయి. ఒకటి నున్నటి పూత ఉన్న మందుల కార్టన్లను లాగి తెరుస్తుంది. రెండోది నిండిన అట్టపెట్టెలను పైనుంచి పట్టి పేరుస్తుంది. రెండింటికీ వాక్యూమ్ ఇచ్చేవి కంప్రెసర్ గాలితో నడిచే ఎజెక్టర్లే. ఏళ్ల తరబడి వాటి మెయింటెనెన్స్ చూస్తున్న నేను ఎవరడిగినా ముందు చెప్పే మాట ఒకటే: కేటలాగులోని గరిష్ఠ వాక్యూమ్ అంకెను పక్కనపెట్టి, కప్పు పట్టుకోబోయే వస్తువు గుండా గాలి ఎంత లీకవుతుందో చూడండి.

ఎజెక్టర్‌లో కదిలే పంపు భాగాలేవీ ఉండవు. సన్నని నాజిల్‌లోంచి గాలి ధ్వనిని మించిన వేగంతో దూసుకొచ్చి వ్యాకోచించినప్పుడు అక్కడి పీడనం పడిపోతుంది, కప్పువైపున్న గాలి ఆ ప్రవాహంలోకి లాగబడి దానితో కలిసి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ప్రతి మోడల్‌కూ తనకు సరిపడే సరఫరా పీడనం ఒకటి ఉంటుంది, మా వాటికి అది 5 బార్. దాన్ని 7కు పెంచితే గాలి ఖర్చు పెరుగుతుందే తప్ప పట్టు పెరగదు. ఆ 5 బార్‌ను కూడా కంప్రెసర్ గది గేజ్‌లో కాక, గాలి పారుతున్నప్పుడు ఎజెక్టర్ ముఖం దగ్గర కొలవాలి. పొడవాటి సన్న ట్యూబుల్లో ఒక బార్ పోవడం అరుదేమీ కాదు.

పూత ఉన్న కార్టన్‌కు లీకు దాదాపు ఉండదు కాబట్టి ఒక మిల్లీమీటరు నాజిల్ ఒక్కటే ఉన్న సింగిల్ స్టేజ్ రకం చక్కగా సరిపోయింది. అట్టపెట్టె సంగతి వేరు. కప్పు ఎంత మంచిదైనా కాగితం గుండా గాలి చొరబడుతూనే ఉంటుంది, అక్కడ 80 కిలోపాస్కల్స్ వాక్యూమ్ (అంటే బయటి వాతావరణ పీడనం కన్నా అంత తక్కువ) ఆశించడం వృథా. అదే గాలిని వరుసగా పలు నాజిల్స్ గుండా పంపి, తక్కువ వాక్యూమ్ దగ్గర ఎక్కువ గాలిని లాగే మల్టీ స్టేజ్ రకమూ, వెడల్పాటి బెలోస్ (ముడతల) కప్పులూ బిగించాక 30, 40 కిలోపాస్కల్స్‌తోనే పెట్టెలు నిలకడగా లేస్తున్నాయి. నున్నటి వస్తువులకు కూడా అతి వాక్యూమ్ దండగే: 60 శాతం నుంచి 90 శాతానికి వెళితే పట్టు ఒకటిన్నర రెట్లే అవుతుంది, గాలి లాగడానికి పట్టే సమయం మాత్రం రెండున్నర రెట్లు దాటుతుంది. 40 మిల్లీమీటర్ల కప్పు 60 కిలోపాస్కల్స్ దగ్గర లెక్క ప్రకారం 75 న్యూటన్ల బలం ఇస్తుంది. అడ్డంగా పరిచిన వస్తువుకు అందులో సగాన్నీ, నిలువుగా పట్టేదానికి పావునూ మాత్రమే నమ్ముకోవాలి.

హైదరాబాదులో కొనేవారు మరో సంగతి గమనించాలి. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండటం వల్ల ఇక్కడి వాతావరణ పీడనమే సుమారు 95 కిలోపాస్కల్స్. విశాఖలో 88 చూపే ఎజెక్టర్ ఇక్కడ 82, 83 దగ్గర ఆగుతుంది. కోరిన వాక్యూమ్ అందగానే సరఫరా ఆపేసే ఎయిర్ సేవింగ్ మోడల్‌లో స్విచ్‌ను 85కు పెడితే ఆ స్థాయి ఎన్నటికీ రాదు, గాలి ఎన్నటికీ ఆగదు. మా కార్టన్ యంత్రంలో 60కి పెట్టాం. కప్పు అంటుకున్న మరుక్షణమే బుస్సుమనే చప్పుడు ఆగిపోతుంది. లీకుండే అట్టపెట్టెలకు ఈ సదుపాయం కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

పట్టు మెల్లగా తగ్గుతుంటే నేను ముందుగా విప్పేది సైలెన్సర్‌నే. కాగితపు దుమ్ము, ఎయిర్ లైన్‌లోని ఆయిల్ తేమ కలిసి దాని లోపలి గోడకు బూడిదరంగు పొరలా అతుక్కుంటాయి, బయటికి పోవాల్సిన గాలి అడ్డుపడి వాక్యూమ్ పడిపోతుంది. ఇప్పుడు దుమ్ము నేరుగా బయటికి పోయే తెరిచిన సైలెన్సర్లు వాడుతున్నాం, కప్పువైపు ఫిల్టర్లను వారం వారం శుభ్రం చేస్తున్నాం.

ఖర్చు విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. ఒక మిల్లీమీటరు నాజిల్ 5 బార్ దగ్గర నిమిషానికి దాదాపు 50 లీటర్ల గాలి తాగుతుంది. కంప్రెసర్ వైపు అది కిలోవాట్‌లో మూడో వంతు. క్షణకాలం పట్టి వదిలే పనికి ఇది న్యాయమైన ఖర్చే. షిఫ్టంతా ఆగకుండా పెద్ద మొత్తంలో గాలి లాగాల్సి వస్తే మాత్రం మోటారుతో తిరిగే వేన్ పంపే చవక. బరువును గాలిలో ఎత్తి ఉంచే చోట, కరెంటు పోయినా వాక్యూమ్ నిలిచే నార్మల్లీ ఓపెన్ వాల్వ్ ఉన్న మోడల్‌నే అడగండి. కంప్రెసర్ ఆగినా కాసేపు పట్టు ఉండేందుకు దానికి గాలిని కప్పువైపు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ కూడా ఉండాలి.