మినియాపోలిస్ రాతి వంతెన: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

అమెరికాలోని మినియాపోలిస్ వెళ్లేవాళ్లలో చాలామంది మాల్ ఆఫ్ అమెరికా వైపే గది తీసుకుంటారు. షాపింగే పనైతే సరే. రాతి వంతెన (స్టోన్ ఆర్చ్ బ్రిడ్జి) కోసమైతే మాత్రం డౌన్‌టౌన్‌లో, మిసిసిపీ ఒడ్డున పాత మిల్లుల దగ్గర దిగడం నయం. మా హోటల్‌వాళ్లు కారు పెట్టుకున్నందుకు వేరే బిల్లు వేశారు, కాస్త చిరాకేసింది. నిజానికి అక్కడ కారు అక్కర్లేదు. ఎయిర్‌పోర్టులో బ్లూ లైన్ రైలెక్కి యూఎస్ బ్యాంక్ స్టేడియం స్టేషన్లో దిగితే నది నడిచే దూరమే.

రైల్వే యజమాని జేమ్స్ జె. హిల్ తన రైళ్లు ఊరి మధ్యకి రావాలని 1883లో కట్టించిన వంతెన ఇది. పొడవు 2,100 అడుగులు, మొదట్లో 23 కమానులు. సెయింట్ ఆంథనీ జలపాతానికి ఎగువన కట్టాలన్నది తొలి ఆలోచన. అయితే అక్కడ పైన ఉన్నది పలచటి సున్నపురాయి, దాని కింద అంతా మెత్తటి ఇసుకరాయి. 1869లో ఆ ఇసుకరాయిలో తవ్వుతున్న సొరంగంలోకి నది చొరబడి, జలపాతమే కొట్టుకుపోయేంత పనైంది. పిండి మిల్లులు నడిచేది ఆ నీటి బలంతోనే మరి! అందుకే వంతెనను దిగువకి జరిపారు. అది నదిని ఏటవాలుగా దాటి, పడమటి ఒడ్డు దగ్గర వంపు తిరుగుతుంది. ఈ వంపు దగ్గర కాసేపు ఆగాల్సిందే.

పడమటి వైపు ఒకచోట రాయి బదులు ఉక్కు కనిపిస్తుంది. నీటి మట్టం పెంచుతూ తగ్గిస్తూ పడవల్ని జలపాతం దాటించే లాక్ కోసం 1960లలో రెండు కమానులు తీసేసి పెట్టిన ఉక్కు చట్రం (ట్రస్) అది. స్థానిక చేపలకు ముప్పైన ఆసియా కార్ప్ చేపలు ఎగువకి పాకకుండా 2015లో ఆ లాక్‌నే మూసేశారు. ఇప్పుడు అక్కడ పడవలూ లేవు, ఆ రెండు కమానులూ లేవు.

దిగువన కనిపించేది ఐ-35డబ్ల్యు వంతెన. దాని స్థానంలో ముందున్న ఉక్కు వంతెన 2007 ఆగస్టు 1న కూలి 13 మంది చనిపోయారు. అలాగని రాయికి ఢోకా లేదనుకోకండి, 1965 వరదలో ఈ రాతి స్తంభాలూ దెబ్బతిన్నాయి.

రైళ్లు ఆగిపోయాక, 1994 నుంచి ఇది నడిచేవాళ్లకీ సైకిళ్లకీ. సైకిళ్లు జోరుగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలొద్దు.

మిల్ సిటీ మ్యూజియంకి టికెట్ ఉంది, కానీ దండగ కాదు. 1991లో కాలిపోయిన వాష్‌బర్న్ పిండి మిల్లు గోడల మధ్యే దాన్ని కట్టారు. గత్రీ థియేటర్లో నది వైపు పొడుచుకొచ్చిన వసారాకి డబ్బులడగరు. వంతెన మొత్తం కనపడేది అక్కణ్ణించే. టైం తక్కువైతే మ్యూజియం వదిలేసి, మిల్ రూయిన్స్ పార్కులోకి దిగి కమానులను కింద నుంచి చూడండి.